చప్పుడు చెయ్యని కీబోర్డులు

ఆన్‌లైన్‌లో తెప్పించిన సామాను రాగానే మా ఇంట్లో పిల్లలు లోపలి వస్తువు కోసం ఎగబడతారు. నేను మాత్రం ముందు ఆ అట్టపెట్టెను బయట పారేయమని గోల చేస్తాను. నా చాదస్తమని నవ్వుకుంటారు. కొత్త అట్ట వాసన తగిలితే చాలు, దాని వెనకే నాకు పురుగుమందు వాసన, ఆ వెనకే ముప్ఫై మంది పిల్లలు నోరెత్తకుండా కూర్చున్న గది గుర్తొస్తాయి.

దర్శి దగ్గర మా ఊరు. నాకు పదేళ్ళప్పుడు, పల్లె పిల్లలకి కంప్యూటర్ నేర్పి ఉద్యోగాలకి పంపుతామని ఎవరో దాతలు బడి పక్కన ఒక గది కట్టించారు. సున్నం వేశారు, బోర్డు పెట్టారు, ఫ్యాన్లు బిగించారు, రిబ్బన్ కత్తిరించి లడ్డూలు పంచారు. కంప్యూటర్లు మాత్రం ఏడాది పొడుగునా ఇదిగో వస్తున్నాయి, అదిగో వస్తున్నాయి అంటూనే ఉన్నారు. పాఠాలు చెప్పడానికి కుదిరిన ఖాసిం సారు మా ఊళ్ళో పరుపులు కుట్టేవాళ్ళ అబ్బాయే. ఎదురుచూసి విసుగొచ్చి, పురుగుమందుల కొట్లో ఖాళీ పెట్టెలు అడిగి తెచ్చి, ముక్కలు కోసి, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో కీబోర్డు గీసిచ్చాడు. "కిందకి చూడబాకండి. గట్టిగా కొట్టబాకండి, గీతలు చెరిగిపోతాయి" అనేవాడు.

అట్లా ఏడాది నేర్చుకున్నాం. మిరపకాయలు కల్లాల్లో ఎర్రగా ఆరుతూ ఊరంతా దగ్గుతూ తుమ్ముతూ ఉండే ఆ ఎండల్లో, మా గది ముందుకొచ్చేసరికి జనం నడక ఆపేసేవాళ్ళు. లోపల ముప్ఫై జతల చేతులు గబగబా కదులుతుంటాయి, కళ్ళన్నీ గోడకి అతుక్కుని ఉంటాయి, చీమ చిటుక్కుమన్న చప్పుడుండదు. గొర్రెలు తోలుకుపోయే ముసలాయన ఒకరోజు కిటికీలోంచి చూసి, మర్నాటి నుంచి ఆ దారే మానేశాడు. నిజం చెప్పొద్దూ, చివరి వరసలో కూర్చున్న నాకూ ఒక్కోసారి ఒళ్ళు జలదరించేది.

అందరికన్నా వేగం మా అక్క నాగమణిది. పది పాసై ఇంట్లో ఉంది. ఒంగోలులో పరీక్ష పెడతారని, అందులో నెగ్గితే హాస్టల్లో ఉంచి ఊరికే కోర్సు నేర్పి ఉద్యోగం ఇప్పిస్తారని సారు చెప్పినప్పటి నుంచీ దానికి వేరే ధ్యాస లేదు. నాన్న మాత్రం ఒప్పుకోలేదు. ఈ ఏడు నుంచి కూలి గుంపుతో కోతలకి పంపాలని ఆయన లెక్క. ఆ మాట విన్న రోజు నుంచి అక్క వేళ్ళు వాటంతటవే కదలడం మొదలైంది. అన్నం కంచం అంచున, నీళ్ళ బిందె మీద, మిరపకాయల్లో రంగు పోయిన తాలు కాయలు ఏరుతుంటే చీర చెంగు మీద.

"దీనికి గాలి సోకిందయ్యో!" అని అమ్మ లబోదిబోమంది. తాయెత్తు కట్టించింది. వేపాకు దిగదుడిచింది. ఆ గదికి పోవద్దంది.

ఒక మధ్యాహ్నం కల్లం పక్కన పందిరి కింద అక్క నిద్రపోతోంది. మొహంలో కదలిక లేదు. కింద పరిచిన పట్టా మీద వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి. ఏ వేలు ఎటు పోతే ఏ అక్షరమో నాకూ తెలుసు కాబట్టి ఆ వేళ్ళ వైపే చూశాను. ఒకే మాట, మళ్ళీ మళ్ళీ.

"ఏమంటందే అది?" అన్నాడు వెనక నుంచి నాన్న.

"పంపు నాన్నా అంటంది."

పాముల్ని ఉత్త చేత్తో పట్టే మనిషి నాన్న. ఆ రోజు అక్క చేతుల దగ్గరికి రాలేక వెనక్కి అడుగేశాడు. మర్నాడు పొద్దున్నే ఒంగోలు బస్సు ఎన్నింటికో కనుక్కొచ్చాడు.

పరీక్షకి నాన్నతో నేనూ వెళ్ళాను. తలుపు దగ్గర నిలబడి చూశాను. కంప్యూటర్ ముందు కూర్చోవడం అక్కకి అదే మొదలు. చుట్టూ టకటక మోత. కాగితం మీంచి చూపు తిప్పకుండా, అందరికన్నా ముందు పేజీ ముగించి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పరీక్ష పెట్టినాయన వచ్చి తెర చూశాడు.

"ఏమ్మా, మొదలుపెట్టలేదా?"

"మొత్తం కొట్టానండి."

తెర తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు. మా ఊరి నుంచి వచ్చిన మిగతా ముగ్గురివీ అంతే. అట్ట చిరక్కుండా తాకడమే నేర్చుకున్నాం మేము. మీట నొక్కితే తప్ప అక్షరం పడదని ఆ వేళ్ళకి తెలీదు. ఆ గది సున్నానికి, ఫ్యాన్లకి, లడ్డూలకి పెట్టిన ఖర్చుతో ఒక్క పాత మిషనైనా వచ్చేది కదా! ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

ఆ రోజుతో అక్క వేళ్ళు ఆగిపోయాయి. గాలి వదిలిందని అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఖాసిం సారు మళ్ళీ ఆ గది తలుపు తీయలేదు. మరుసటేడు కోతలప్పుడు కంప్యూటర్లు దిగాయి, నేర్పేవాళ్ళు లేక మూలన పడ్డాయి.

ఇప్పుడా గదిలో మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు వేస్తున్నారు. బోర్డు లేదు, సారు లేడు, ఆ ముప్ఫై మందిలో ఊళ్ళో మిగిలింది అక్కొక్కతే. తాలు ఏరడంలో దాన్ని మించినవాళ్ళు లేరంటారు. మొన్న వెళ్ళినప్పుడు మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. పక్కన కూర్చుని, ఒక్క వేలైనా కదులుతుందేమోనని అది లేచేదాకా చూశాను. కదల్లేదు.