కాపలా చేప

ఉప్పు తినొద్దన్నారు. నీళ్ళు కొలుచుకుని తాగమన్నారు. ఇన్ని చెప్పి, మా ఎదురుగా ఒక తొట్టెడు ఉప్పునీళ్ళు పెట్టారు. మా డయాలసిస్ గది సంగతి అదీ. వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు, చేతికి రెండేసి సూదులతో ఆరుగురం ఆ చేపల తొట్టెను చూస్తూ కూర్చుంటాం. నాది ఐదో కుర్చీ. నాలుగోది టైలర్ గారిది. నేను చెప్పబోయేది ఆయన గురించే.

ఒక పెద్ద దుకాణం వెనకగదిలో ముప్పై తొమ్మిదేళ్ళు ఆయన కోట్లకు చేతులు అతికారు. వేరే పని లేదు, చేతులు అతకడమే. భుజం దగ్గర ముడత పడిందంటే కోటు మొత్తం దండగేనట. అందుకే ఎవరు లోపలికొచ్చినా ముందు భుజాలు చూసేవారు. మొదటి రోజే నాతో, "మీ కుడి భుజం కాస్త దిగిందండీ. సంచీ మోసే ఉద్యోగమా?" అన్నారు. మోశాను మరి. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టర్ని.

ఆయన భార్యకు చూపు లేదు, వెలుగూ నీడా తెలుస్తాయంతే. ఆయన భుజం మీద చెయ్యేసి వెనకే నడిచొచ్చేది. కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుంటే, తొట్టెలో జరిగేదంతా ఆయన ఆవిడకు చెప్పేవారు, రేడియోలో ఆట చెప్పినట్టు.

అందులో జరిగేది మాత్రం ఏముంది గనక! వేలెడంత గోబీ చేప ఒకటి, రాళ్ళ కింద గొయ్యిలో ఉంటుంది. దానితో కాపురం ఒక రొయ్య. రొయ్యకు చూపు ఆనదు. పొద్దస్తమానం గొయ్యిలో ఇసుక తోడి బయట పోస్తుంది. చేప గుమ్మంలో కాపలా. రొయ్య బయటున్నంతసేపూ దాని మీసం ఒకటి చేప ఒంటిమీదే ఉంటుంది. చేప తోక ఆడించిందంటే ఇద్దరూ లోపలికి దూరిపోతారు.

"మావాడు గుమ్మంలోనే ఉన్నాడు," అనేవారు టైలర్ గారు.

"మరి రొయ్యో?" అనేదావిడ.

"ఇసుక ఎత్తిపోస్తోంది. చెయ్యి మాత్రం వాడి మీదే ఉంది."

"ఉండాలి మరి."

సూదులతో ఆయన విసిగిపోయారు. ఇక మానేస్తానని నా ఎదుటే రెండుసార్లు డాక్టరుతో అన్నారు. మానేస్తే ఎన్నాళ్ళని కూడా అడిగారు. వారం, మహా అయితే పది రోజులన్నాడాయన. టైలర్ గారు భార్య వైపు చూశారు, తొట్టె వైపు చూశారు, చొక్కా చెయ్యి పైకి మడిచారు. "మావాడే ఇంకా డ్యూటీ దిగలేదు, నేనెలా దిగుతానండీ," అన్నారు నాతో. ఆ మాట విని కూడా నేను చేసిన పని చేశాను.

మా మెషిన్లకు నీళ్ళు శుద్ధి చేసే అమ్మాయిని నీళ్ళమ్మ అంటాం. తొట్టె బాధ్యత కూడా ఆమెదే. ఒక రోజు ఫోన్లో చేపల బొమ్మలు తెచ్చి, ఇంకొక్క చేపకు చోటుంది, ఏది కావాలో చెప్పమంది. ఏం తినాలో, ఎంత తాగాలో ఎవరో చెబితే వినే బతుకులు మావి. అడిగేసరికి నాకు పెత్తనం పుట్టుకొచ్చింది. సగం ఊదా, సగం పసుపుగా మెరుస్తున్న చేపను చూపించాను.

"అది కొరుకుతుంది సార్," అంది. "షాపులో కూడా విడిగా పెట్టారు. మన తొట్టె చిన్నది, పారిపోవడానికి చోటుండదు."

"చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదమ్మా. మట్టిరంగు కాపలావాణ్ణి ఎన్నాళ్ళు చూస్తాం?"

మిగతా కుర్చీలు కూడా ఊదాదే అన్నాయి. టైలర్ గారొక్కరే, "మావాడికి గొడవలు పడవండీ," అన్నారు మెల్లగా. ఆ మెల్లదనం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

కొత్త చేపను వదిలేముందు తొట్టెలో రాళ్ళు అటూ ఇటూ మారుస్తారని ఎక్కడో విన్నాను. అందరికీ చోటు కొత్తదైతే ఎవరూ ఎవరినీ తరమరట. అదే చెయ్యమన్నాను.

"పాత చేప రౌడీ అయితే అలా చేస్తారు సార్. ఇక్కడ రౌడీ కొత్తది."

"జరిపితే చోటదే వస్తుందమ్మా. ముప్పై ఏళ్ళు నేను చేసింది అదే పని."

నా కూతురి వయసు పిల్ల, ఎదురు చెప్పలేకపోయింది. రాళ్ళు జరిపింది. గొయ్యి కూలిపోయింది.

మధ్యాహ్నానికల్లా మంచి రాయి ఊదా చేపదైపోయింది. దాక్కోను గొయ్యి లేక గోబీ అద్దం వెంబడి అటూ ఇటూ పరుగులు పెట్టింది. తర్వాతి పూటకు దాని తోక చినిగింది. నీళ్ళమ్మ వలతో పట్టాలని చూసింది, ఊదాది రాళ్ళలో దూరింది. దాని ధ్యాస మళ్ళించడానికి తొట్టె బయట ముఖం చూసుకునే అద్దం పెట్టింది. తన నీడతో తనే ఒక గంట కొట్లాడి, మళ్ళీ గోబీ మీద పడింది. ఆ తర్వాతి పూట మేం వచ్చేసరికి గోబీ మూలన పక్కకు ఒరిగి ఉంది. నీళ్ళమ్మ చెంచాతో తీసి కాగితంలో చుట్టింది.

"వాడేం చేస్తున్నాడు?" అని స్టూలు మీంచి అడిగిందావిడ.

"గుమ్మంలోనే ఉన్నాడు," అన్నారు టైలర్ గారు. నా వైపు చూడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

తర్వాతి వారం ఒక పూట రాలేదు. ఇంకో పూట మొహమంతా ఉబ్బి వచ్చారు. ఆపైన రాలేదు. మనిషి పోయాడని నర్సు చెప్పింది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. చేప కోసం ఎవరూ చచ్చిపోరు, ఆ మాత్రం నాకూ తెలుసు. ఆయన ఎప్పుడో అలసిపోయారు. కానీ ఆయన పట్టుకున్న దారం ఎంత సన్నదో నాకు తెలుసు. తెలిసే తెంపాను.

రెండు వారాలకు ఆవిడ, కుర్చీలోనే ఉండిపోయిన ఆయన దుప్పటి కోసం వచ్చింది. పక్కింటావిడ గుమ్మం దాకా దింపి వెళ్ళింది. కుర్చీల వీపులు తడుముకుంటూ నాలుగో దాని దగ్గర ఆగి, స్టూలు వెతుక్కుని కూర్చుంది. ఆ కుర్చీలో ఇంకా ఎవరూ లేరు.

"అన్నయ్యగారూ, మీరేనా?"

"నేనేనమ్మా."

"వాడున్నాడా? చివరి రోజు కూడా గుమ్మంలోనే ఉన్నాడని ఆయన చెప్పారు. ఒక్కసారి చూసి చెప్పండి."

చూశాను. మేత వేస్తాననుకుని ఊదా చేప నా ముందుకొచ్చి నిలబడింది, బాగా బలిసింది. వెనక రాయి కింద రొయ్య కొత్త గొయ్యి తవ్వుకుంది. గుమ్మంలో మీసాలు అటూ ఇటూ ఆడిస్తూ తడుముతోంది.

"ఉన్నాడమ్మా," అన్నాను.

"రొయ్య చెయ్యి?"

"వాడి మీదే ఉంది."

ఆవిడ తలాడించి, దుప్పటి ఒళ్ళో మడిచి, లేచింది. లేస్తూనే అలవాటుగా భుజం కోసం చెయ్యి ముందుకు చాచింది. నా చేతికి సూదులున్నాయి, లేవలేను. నీళ్ళమ్మ అవతలి గదిలోంచి వచ్చేదాకా ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది.