నడి ఏట్లో మా ఆయన

మొన్న ఎమ్మిగనూరులో మా మనవరాలు "సూడవ్వా, ఎంత నవ్వొస్తాదో" అని ఫోన్ నా మొగం ముందర పెట్టింది. ఏదో చెరువులో పడవ. మొగుడు కావాలనే పడవను ఊపుతాండాడు, పెండ్లాము అంచు పట్టుకోని ఏడుస్తాంది. కింద జనమంతా నవ్వు బొమ్మలు పెట్టినారు. నాకు ఒళ్ళు మండింది. భయపడే మనిషిని ఇంకింత భయపెట్టి నవ్వుకునేది ఏమి సరసమో నాకర్థం కాదు. "అవతల పెట్టు దాన్ని" అని కసురుకున్నా. నాకు మా ఆయన గుర్తొచ్చినాడని ఆ పిల్లకేం తెలుసు పాపం.

మా అమ్మగారి ఊరు తుంగభద్ర గట్టున. మా చేనేమో అవతలి ఒడ్డున. నాటుకైనా కోతకైనా పుట్టిలో పోయి రావల్ల. పుట్టంటే వెదురు బద్దలతో అల్లి, అడుగున తారు పూసిన పట్టా వేసిన పెద్ద గుండ్రటి తట్ట, అంతే. మా ఆయనది చిప్పగిరి దిక్కు మెట్టపల్లె. బావిలో చేద వేసేది తప్ప నీళ్ళతో ఆ మనిషికి పొత్తు లేదు, ఈత అసలే రాదు. మా ఊర్లో ఒక పాడు ఆచారముండె. కొత్త అల్లుణ్ణి పుట్టెక్కించి, నడి ఏట్లో గిరగిరా తిప్పుతారు. "సాలప్పా" అంటే నిలుపుతారు. మా ఆయన అనలేదు. మా అన్న దాన్ని పొగరనుకున్నాడు. "బావకు శానా రోషముండాదే" అని ఇంకా జోరుగా తిప్పినాడు. నాలుక పిడచగట్టుకపోయి ఆ మనిషికి మాటే రాలేదన్న సంగతి ఒక్కనికీ తట్టలేదు. ఒడ్డుకొచ్చి వాంతి చేసుకోని, వడ్డించిన ఇస్తరి ముట్టకుండా ఆదోని బస్సు కోసం పోయి నిలబడినాడు. "మీ ఏటికి ఇంక నేను రాను. నీకు కావల్లంటే నువ్వు పోయిరా" అన్నాడు.

రెండేండ్లు ఒక్కదాన్నే పోయొచ్చినా. అల్లుడేడని అడిగిన ప్రతి నోటికీ ఏదో ఒక అబద్ధం చెప్పి విసిగిపోయినా. మా అన్నకు అప్పటికీ బుద్ధి రాలేదు. "నీళ్ళంటే జడిసేటోడు ఏమి మొగోడు" అంటాండె. నువ్వు కట్లపామును చూసి అటకెక్కినప్పుడు దాన్ని ఎవరన్నా నీ మొగం ముందర తిప్పినారా అని అడిగినా. వాడు నవ్వుతానే ఉన్నాడు.

మూడో ఎండాకాలం ఏరు మోకాటి లోతుకు దిగింది. మా అన్న గోనెగండ్లలో అత్తగారింటికి పోయిన సందు చూసి, మా ఆయన్ని బతిమాలి పిల్చుకపోయినా. మొదట పుట్టిని ఇసకలోనే పెట్టి, దాంట్లో కూర్చోబెట్టి బొరుగుల ఉగ్గాని తినిపించినా. తర్వాత నీళ్ళలోకి దించి, నేను కింద నిలబడి అంచు పట్టుకోని మెల్లగా నడిపించినా. "నోరు తెరిసి సెప్పే పనే లేదు, సెయ్యెత్తితే సాలు, నిలిపేస్తా" అన్నా. ఎన్నిమార్లు ఎత్తితే అన్నిమార్లు నిలిపినా. నాలుగో దినం తెడ్డు ఆయన చేతికిచ్చినా. పక్కకు వేస్తే పుట్టి తిరుగుతాది, ముందర నీళ్ళను తనవైపుకు లాక్కుంటే చక్కగా పోతాది. తెడ్డు తన చేతిలోకొచ్చినంక ఆయన మొగమే మారిపోయింది. కొత్త నీళ్ళొచ్చి ఏరు నిదానంగా పారేటప్పుడు "పోదామా" అని ఆయనే అడిగినాడు.

నడి ఏట్లో సల్లగాలికి మా ఆయన రాగం తీస్తాంటే నేను ఉబ్బిపోయినా. ఆ ఉబ్బులో మా అన్నను, ఊరందరినీ తిట్టను మొదలుపెట్టినా, నిన్ను చూసి నవ్వినోళ్ళ నోళ్ళు పడిపోను అని. ఆయన తెడ్డు ఆపకుండానే, "మీ అన్న మీద నాకేం కోపం లేదుమే. ఆ పొద్దు ఒడ్డు మీద నువ్వూ కొంగు అడ్డం పెట్టుకోని నవ్వితివి. నేను సూసినా" అన్నాడు.

నిజమే. అందరూ నవ్వితే నేనూ నవ్వినా. ఆ మాట ఆయన మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, ఎన్నోమార్లు కలిసి ఆ ఏరు దాటినాం. కాలం పోయేకొద్దీ అన్నీ పాతబడతాయంటారు గానీ, నేను నవ్విన ఆ నవ్వు ఇన్నేండ్లయినా నాకు పాతబడలేదు.