ఆట విడుదలకు కార్డులు కొట్టించిన సంగతి

నేను నాలుగేళ్ళు కూర్చుని తయారుచేసిన కంప్యూటర్ ఆటకు మా మావయ్య కార్డులు కొట్టించాడు. పెళ్ళికి కొట్టించినట్టే, కవర్లతో సహా. రేపల్లె నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, ఆ కట్ట తెనాలిలో మా ఇంట్లో బల్ల మీద పెట్టి, "ఇంక తేదీ ఖాయం. ఎవడూ కదిలించలేడు" అన్నాడు. ఆయన ప్రేమకు నేను ఇవాళ్టికీ కృతజ్ఞురాలినే. ఆ నెల మాత్రం కృతజ్ఞత తెచ్చుకోవడానికి రెండు పూటలా ప్రార్థన చేయవలసి వచ్చింది.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఎక్కువగా ఉండేది. అమ్మ టీచరు కాబట్టి, బడి నుంచి వచ్చాక ఊళ్ళో పిల్లలకు చెప్పగా మిగిలిన గొంతుతో నాకూ పాఠం చెప్పేది. ఆయాసం లేని రోజుల్లో కాలవ గట్టు మీద నడిపించేది. దుగ్గిరాల లాకుల దగ్గర నీళ్ళు ఎటు ఎంత వదలాలో ఎవరు నిర్ణయిస్తారని అడిగితే, ఒక సూపరింటెండెంట్ ఉంటాడని చెప్పింది. నాకు ఆ మనిషి దేవుడి తర్వాత అంతటివాడిగా తోచాడు. పెద్దయ్యాక కంప్యూటర్ నేర్చుకుని ఆయన మీదే ఆట చేశాను. పేరు 'లాకు సూపరింటెండెంట్'. ఆడేవాళ్ళు తూములు ఎత్తుతూ దించుతూ, పొద్దు గుంకేలోపు అన్ని పొలాలకూ నీళ్ళు అందించాలి. అన్నీ నిండాయంటే పొద్దు గుంకుతుంది. అంతే ఆట.

దాన్ని ప్రపంచంలో అందరూ ఆటలు కొనుక్కునే ఒక పెద్ద ఆన్‌లైన్ స్టోరులో పెట్టాలి. ఈలోగా మావయ్య బాపట్లలో ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం చూశాడు. అమ్మకు నేను ఒక మాట ఇచ్చాను. ఆట బయటికి వచ్చి ఎవరి కంటా పడకపోతే, మారు మాట్లాడకుండా ఆ ఉద్యోగంలో చేరతాను. పడితే ఇంట్లోనే ఉండి ఇంకో ఆట చేసుకుంటాను.

కంట పడటమంతా తేదీ మీద ఆధారపడి ఉంటుందని నాకు చెప్పింది బాపట్ల అక్క. బంధువు కాదు. ఆటలు చేసేవాళ్ళు మాట్లాడుకునే చోట ఇంగ్లీషులో ఏడాదిపాటు పరిచయమయ్యాక, ఒకరోజు ఆవిడ ఇంట్లో కరెంటు పోయిందన్న నిమిషానికే మా ఇంట్లోనూ పోతే, ఎక్కడుంటారని అడిగాను. ప్యాసింజర్ రైలెక్కితే గంట లోపు దూరం. ఆవిడ అంతకుముందే ఒక ఆట విడుదల చేసి దెబ్బతిన్న మనిషి.

"పెద్ద కంపెనీ ఆట వచ్చిన రోజే నాదీ వదిలానమ్మా. ఆ రోజు నా ఆట చూసింది ఇద్దరు. ఒకరు నేను. రెండో ఆయన పొరపాటున నొక్కాడు, సారీ అని మెసేజ్ కూడా పెట్టాడు."

స్టోరు వాళ్ళు కొత్త ఆటను ముందు వరసలో చూపించేది విడుదలైన కొద్ది రోజులేనట, అది కూడా ఒక్కసారేనట. డిస్కౌంట్ల వారం వద్దు, పెద్ద ఆటల వారం వద్దు, ముందుగా పేజీ పెట్టి, 'వచ్చినప్పుడు మాకు చెప్పండి' అని పేరు నమోదు చేసుకునేవాళ్ళను పోగు చేసుకోవాలి. అలా కొన్ని వేలమంది నమోదు చేసుకున్నారు. దేవునికి స్తోత్రం అనుకుని ఆ సంగతి ఇంట్లో చెప్పడమే నేను చేసిన తప్పు.

"కొన్ని వేలమందే!" అన్నాడు మావయ్య. "ఏ కల్యాణమండపం సరిపోద్దే?"

"వాళ్ళు రారు మావయ్యా."

"రానోళ్ళ పేర్లు ఎందుకు రాసుకున్నావ్?"

"వాళ్ళే రాసుకున్నారు."

"రామని చెప్పడానికా?" అని అమ్మ వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, దీనికి లోకం తెలీదు. సరే, వచ్చేవాళ్ళను నేను పిలుస్తాలే."

అక్కడి నుంచి తేదీ ఇంటి విషయమైపోయింది. నేను చెప్పిన మొదటి తేదీ ఈస్టరు ముందు శ్రమదినాల్లో పడింది. ఉపవాస కాలంలో ఆటేంటని అమ్మ కొట్టేసింది. రెండోది పదో తరగతి పరీక్షలప్పుడు. పిల్లలు చెడిపోతారని మా చర్చి సంఘంలో టీచర్లందరూ ఏకమయ్యారు. మూడోది స్త్రీల సమాజం వార్షికోత్సవం రోజు. పక్కింటి అత్తయ్యగారు పంచాంగం తెచ్చి, "మీకు పట్టింపు లేదనుకో వదినా, అయినా నాలుగోది అమావాస్య" అని అమ్మకు చెప్పి వెళ్ళారు. అమెరికా వాళ్ళు మేలుకుని ఉండే వేళకు, అంటే మనకు రాత్రి పదిన్నరకు, విడుదల చేద్దామంటే మావయ్య నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. అందరూ వడపోయగా ఒక గురువారం, ఉదయం పది గంటలు మిగిలింది. బాపట్ల అక్కను అడిగితే, ఆ వారం పెద్ద ఆటలేవీ లేవంది. ఎంత మేలు అనుకున్నాను.

వారం తిరక్కుండానే మావయ్య కార్డులు తెచ్చాడు. ప్రెస్సు వాళ్ళ దగ్గర ఉన్నది పెళ్ళికార్డు అచ్చే కాబట్టి, 'వివాహ' అన్నచోట 'ఆట విడుదల' అని మార్చి, 'మహోత్సవము' అలాగే ఉంచారు. కింద రెండు పేర్లకు చోటుంది. ఎడమవైపు నా పేరు. కుడివైపు 'లాకు సూపరింటెండెంట్'.

"ఇదేంటన్నయ్యా?" అంది అమ్మ.

"ఖాళీగా వదిలేస్తే బాగుండదమ్మా. ఆట పేరే కదా."

ఆ ఆదివారం ఆరాధన చివర ప్రకటనల్లో పాస్టరు అయ్యగారు ఆ కార్డు చదివి, సంఘస్తులందరినీ సకుటుంబంగా రమ్మన్నారు. గుడి బయట చెప్పులు వేసుకుంటుంటే స్త్రీల సమాజంలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఇరిగేషన్‌లోనా? మంచి డిపార్టుమెంటు తల్లీ" అన్నారు. నాకు అర్థమయ్యేలోపు ఆవిడ ఆటో ఎక్కేశారు.

గురువారం ఇంకా అయిదు రోజులుందనగా బాపట్ల అక్క ఫోన్ చేసింది.

"పెద్ద కంపెనీ వాళ్ళు తేదీ ప్రకటించారు. నీ గురువారమే. పదేళ్ళుగా జనం ఎదురుచూస్తున్న ఆట. మార్చెయ్ అమ్మాయ్."

"కార్డులు పంచేశామక్కా."

"ఏం కార్డులు?"

చెప్పాను. ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఊపిరి తిప్పుకుని, "చూడు, స్టోరులో ఏ తేదీ వేసినా చివరికి బటన్ నొక్కేది నువ్వే. నువ్వు నొక్కకపోతే ఆట బయటికి రాదు. అంతవరకూ నీ చేతిలోనే ఉంది" అంది.

మావయ్యకు చెబితే మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. "కార్డు పంచాక తేదీ మారిస్తే జనం ఏమనుకుంటారే? ఎవరో పోయారనుకుంటారు, లేదా సంబంధం చెడిందనుకుంటారు. పెద్ద కంపెనీ అంటన్నావ్, వాళ్ళు కార్డులు పంచారా?"

"లేదు."

"అయితే వాళ్ళనే మార్చుకోమను."

నా జీవితంలో ప్రతి తేదీ అమ్మే పెట్టింది, పరీక్షలతో సహా. ఆ రోజు మాత్రం, "నీ ఆట, నీ మాట. ఆలోచించుకో" అని చాట అందుకుని బియ్యం ఏరుకుంది. నేను ఆలోచించలేదు, దేవుడే ఏదైనా చూపిస్తాడని కూర్చున్నాను. ఆయన నా పని నా బదులు చేయడని అప్పటికే తెలిసుండాల్సింది.

గురువారం తొమ్మిదింటికే జనం మొదలయ్యారు. ఇస్త్రీ చీరలు, పౌడరు, చంకలో పాటల పుస్తకాలు. ఇద్దరు ముగ్గురు స్టీలు సామాను బహుమతిగా తెచ్చారు. ఒకాయన అమ్మను పక్కకు పిలిచి, "పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఎక్కడ దిగారండి?" అని అడిగాడు. అమ్మ ఆయనకు కంప్యూటర్ చూపించింది. ఆయన దానికి వందనాలు చెప్పి కుర్చీలో కూర్చున్నాడు. రేపల్లె వైపు నుంచి మావయ్య ఒక వ్యాను నిండా మనుషులను తెచ్చాడు. వాళ్ళలో చెరుకుపల్లి దగ్గరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు. వాళ్ళ పొలం కాలవకు చిట్టచివర ఉంటుంది.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. కంప్యూటర్ కోసం, కరెంటు కోసం, మౌసు పట్టే చేతి కోసం, ఎక్కడెక్కడో ఉన్న ఆ కొన్ని వేలమంది కోసం, ఆఖరికి ఆ పెద్ద కంపెనీ వాళ్ళ కోసం కూడా. ఆ చివరి మాటకు నా కళ్ళు చెమర్చాయి. నేను వాళ్ళ కోసం ఒక్కసారి కూడా చేయలేదు. రెండు పాటలయ్యాయి. టైము పదీ నలభై. ఉప్మా వాసన హాల్లోకి వచ్చింది. నేను బటన్ ముందు కూర్చున్నాను. అక్క దగ్గరి నుంచి ఫోనులో మూడో మెసేజ్: 'నొక్కకు.'

"ఆగు," అన్నాడు మావయ్య. "కొత్తింట్లోకి ముందు పెద్దవాళ్ళు అడుగు పెట్టాలి. వయసులో అందరికంటే పెద్ద ఎవరు?"

చెరుకుపల్లి పెద్దావిడే. ఆవిడను తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టారు. తూములు ఎలా ఎత్తాలో దించాలో చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు సరిచేసుకుని, కాలవ వెంబడి కిందికి, ఇంకా కిందికి చూసుకుంటూ వెళ్ళారు.

"చిట్టచివరిది ఏదమ్మాయ్?"

"ఇదండి పెద్దమ్మా. కాని ముందు పైన పొలాలకు ఇస్తే..."

"పైనోళ్ళు ఎట్టాగూ తీసుకుంటారులే. వాళ్ళకు ఎవరూ ఇయ్యక్కర్లా." పై తూములన్నీ ఒక్కొక్కటే దించేశారు. నీళ్ళన్నీ తిన్నగా చివరి పొలానికి పోయాయి. హాలంతా చప్పట్లు. తర్వాత ఆవిడ తీరిగ్గా పై పొలాలకు వదిలారు. అన్నీ నిండాయి. ఇక పొద్దు గుంకాలి.

గుంకలేదు.

సూర్యుడు కొండ మీద బెత్తెడు ఎత్తున నిలబడిపోయాడు. కొంగలు ఎగురుతూనే ఉన్నాయి. పది నిమిషాలు చూశాం. ఇద్దరు పిల్లలు నిద్రపోయారు.

"పొద్దు పోవట్లేదేంటమ్మాయ్?" అన్నారు పెద్దావిడ.

"కాసేపు చూద్దాం. వేసవి పొద్దు కదా," అన్నాడు మావయ్య.

అయ్యగారు గొంతు సవరించుకుని, "పొద్దు ఇలా ఆగడం పూర్వం బైబిల్లో ఒకసారి జరిగిందండి. అయితే అది యుద్ధంలో," అన్నారు. కొందరు 'ఆమేన్' అన్నారు.

నాకు అప్పుడు తట్టింది. పై పొలం దగ్గర లెక్క మొదలై చివరి పొలం దగ్గర ముగిసినప్పుడే పొద్దు గుంకేలా రాశాను. చివరి పొలానికే ముందు నీళ్ళు పోతే లెక్క ఎక్కడ మొదలవ్వాలో ఆటకు తెలియదు. నాలుగేళ్ళలో నేను గాని, అక్క గాని, ఆడి చూసిన ఇంకెవరు గాని, ఒక్కసారి కూడా చివరి పొలానికి ముందు నీళ్ళివ్వలేదు. అలా ఇవ్వవచ్చని మాకు తోచనే లేదు.

"పర్లేదు, నొక్కెయ్," అన్నాడు మావయ్య నెమ్మదిగా. "తర్వాత సరిచేసుకుందువు. కార్డులో పదింటికన్నాం. పదకొండున్నరవతంది."

అందరూ నా చేతి వంక చూస్తున్నారు. అందులో సగంమంది దానికి ఉంగరం తొడుగుతారని ఎదురుచూస్తున్నారు. చిన్నప్పటి ఆయాసం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు.

"నొక్కను మావయ్యా. ఇవాళ విడుదల లేదు."

అలాంటి మాట నేను ఆయనతో అనడం అదే మొదలు. అమ్మ లేచి నిలబడి, "అన్నయ్యా, ఉప్మా వడ్డించు" అంది. అందరూ తృప్తిగా తిన్నారు. ఏ కార్యక్రమానికి వచ్చి తింటున్నామని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు స్టోరు వాళ్ళకు ఉత్తరం రాశాను. చివరి పొలానికి ముందు నీళ్ళిస్తే సూర్యుడు అస్తమించడం లేదని, కొత్త తేదీ కావాలని ఇంగ్లీషులో రాసి చదువుకుంటే నాకే మతి తప్పినదాని ఉత్తరంలా అనిపించింది. వాళ్ళు ఏమీ అడగకుండా సరేనన్నారు. ఇక్కడ మాత్రం పరామర్శలు మొదలయ్యాయి. "బాధపడకు తల్లీ, సూపరింటెండెంట్ గారికి ప్రాప్తం లేదు" అని ఒకరు, "ముందే తెలిసింది, అదే మేలు" అని ఒకరు. సంగం జాగర్లమూడి నుంచి వచ్చిన దూరపు బంధువు ఒకాయన, ఆ సూపరింటెండెంట్ సంగతి మొదట్నుంచీ తనకు అనుమానమేనని అమ్మతో చెప్పి కాఫీ తాగి వెళ్ళాడు. అమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. "మీ ప్రార్థనల్లో తలుచుకోండి" అనేది.

లెక్క సరిచేయడానికి ఎనిమిది రోజులు పట్టింది. తర్వాత క్యాలెండర్ ముందు కూర్చుని నాకు నేనే తేదీ పెట్టుకున్నాను. పెద్ద ఆట హడావిడి తగ్గాలి, డిస్కౌంట్ల వారం మొదలవ్వకూడదు. మధ్యలో ఒక మంగళవారం ఉంది. మంగళవారమేంటని ఎవరైనా అనేలోపే, ఎవరికీ చెప్పకుండా, పొద్దున పదిం పావుకు నొక్కాను. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఏ చప్పుడూ కాలేదు.

ముందు వరసలో మా కాలవ బొమ్మ కనబడింది. సాయంత్రానికి అక్క, "చూస్తన్నారు! జనం చూస్తన్నారే!" అని వాళ్ళ బాపట్ల యాసంతా వాడి అరిచింది. గొప్ప పేరేమీ రాలేదు. కాని ఎక్కడెక్కడివాళ్ళో కొనుక్కున్నారు, రాత్రనక పగలనక తూములు ఎత్తారు, నీళ్ళు ఎక్కడా ఆగిపోలేదని రాశారు. వారం చూశాక అమ్మే బాపట్ల ఆఫీసుకు ఫోన్ చేసింది.

"మా అమ్మాయి చేరదండి. క్షమించండి. లేదండి, పెళ్ళి కాలేదండి. పనుందండి."

ఇక మావయ్యకు చెప్పక తప్పలేదు. ఫోన్ చేసి, విడుదలై వారం దాటిందన్నాను. "అయితే ఆ రోజు మేమంతా వచ్చింది దేనికే?" అన్నాడు.

"మీరు కార్డులు పంచకపోయుంటే ఆ పెద్దమ్మ వచ్చేవారు కాదు మావయ్యా. సూర్యుడు ఆగాడని కొన్నవాళ్ళే చెప్పేవాళ్ళు." అది ఆయన్ను ఊరడించడానికి అన్న మాట కాదు.

"పెద్దావిడకు నేను చెప్తాలే," అని ఫోన్ పెట్టేశాడు. అరగంటకు ఆవిడే ఎవరి ఫోనులోంచో చేశారు.

"చివరి పొలానికి నీళ్ళు పోయినయ్యా అమ్మాయ్?"

"పోయినయ్యండి పెద్దమ్మా."

"ముందేనా?"

"ఎవరి ఇష్టం వాళ్ళదండి. కావాలంటే ముందే ఇవ్వచ్చు."

"పొద్దు గుంకిందా?"

"గుంకిందండి."

"సరే అయితే," అన్నారు ఆవిడ. "ఉప్మాలో ఉప్పు తక్కువైందని మీ అమ్మతో చెప్పు."