బల్ల అడుగున తేదీలు

ఆడమనిషి నెలసరి లెక్క ఫ్యాక్టరీకి ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు. మా బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే ఆమె నెలనెలా మిషను బల్ల అడుగున సుద్దతో తేదీ రాసుకునేది. ఈసారి రాయాల్సిన రోజు దాటి పన్నెండు రోజులైంది. కుడిచెయ్యి గుడ్డను నడుపుతుంటే ఎడమచెయ్యి మాటిమాటికీ బల్ల అడుగు తడుముతోంది. సూపర్‌వైజరు అది కనిపెట్టి, వంగి, ఆ తేదీలు చదివాడు.

"నెల తప్పిందన్నమాట. కడుపుతో ఉన్నవాళ్లు మాకొద్దమ్మా, రేపట్నుంచి రాకు," అన్నాడు అందరూ వింటుండగా.

"పరీక్ష చేయించుకుంటే గానీ నాకే తెలీదు, మీకెలా తెలిసింది సార్? రెండు నెలల్నుంచి రెండేసి షిఫ్టులు చేయిస్తున్నారు. నిద్ర లేకపోయినా తప్పుతుంది. ఇంతకీ మీరెప్పుడు డాక్టరయ్యారు?"

పక్క మిషన్లవాళ్లు తలలు వంచుకుని నవ్వారు. అతను నవ్వలేదు, మాట మార్చుకోనూ లేదు.

ఆమె కత్తెర సంచిలో వేసుకుంది. వంగి, తేదీలన్నీ అరచేత్తో తుడిచేసింది. ఎవరికీ వెళ్లొస్తానని చెప్పకుండా మెట్లు దిగిపోయింది.