తెల్లగా మిగిలిన దూది

కంటి ఆస్పత్రిలో పనిముట్లు శుద్ధి చేసే గది మేడమెట్ల కింద ఉంది. దానికి ఒకటే తలుపు, ఒకటే కిటికీ, ఒక్కరే మనిషి. ఆ మనిషిని డాక్టర్ల నుంచి వాచ్‌మన్ దాకా అందరూ పిన్ని అనే పిలుస్తారు. పెద్ద సిస్టర్ ఆమెకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఆవిడకీ పిన్నే.

అంతకుముందు పిన్ని పదకొండేళ్ళు బేకరీలో పనిచేసింది. బిస్కెట్లు మాడబోయే క్షణాన్ని వాసనతో పట్టేసి ట్రే బయటికి లాగడంలో ఆమెకు సాటి లేదు. బేకరీ మూతపడ్డాక ఆస్పత్రిలో చేరింది. మొదటిరోజు ఇక్కడి ఓవెన్ చూసి, "ఇదీ మన చుట్టమే" అనుకుంది.

కంటి ఆపరేషన్ కత్తెరలు మహా సున్నితం. ఆవిరిలో పెడితే తుప్పు పడతాయి, పదును పోతుంది. అందుకే వాటిని కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, డబ్బాల్లో సర్ది, నూట అరవై డిగ్రీల పొడి వేడిలో రెండు గంటలు ఉంచుతారు. ఆ రెండు గంటలూ ఓవెన్ తలుపు తీయకూడదు. ఆ నియమం ఇంటికీ పాకింది. అన్నం ఉడికిందో లేదో చూద్దామని భర్త గిన్నె మూత మీద చెయ్యి వేస్తే గరిటె లేస్తుంది.

"ఆస్పత్రిలో చేరింది నువ్వు, పథ్యం నాకా?" అంటాడు దర్జీ పని చేసే ఆ పెద్దమనిషి.

ఒక సోమవారం పొద్దున ఓవెన్ చల్లారాక పిన్ని తలుపు తీసింది. పై అరలో పెట్టిన పరీక్ష చీటీ నల్లబడింది. అంటే వేడి సరిపోయినట్టే. కానీ కింది అరలో గాజు గొట్టాలకు బిరడాగా పెట్టిన దూది పాలలా తెల్లగా ఉంది. శనివారం అదే అరలో పెట్టిన దూది లేత బిస్కెట్ రంగుకు తిరిగింది. పిన్ని వాసన చూసింది. కాగిన వాసన లేదు. ఆ రోజు ఆపరేషన్ల డబ్బాలన్నీ కింది అరలోనే ఉన్నాయి.

"డాక్టరుగారూ, ఇవి ఇవ్వలేనండీ" అంది.

"ముల్లు నూట అరవై చూపించిందా?" అన్నాడు పెద్ద డాక్టరు, చేతులు తుడుచుకుంటూ.

"చూపించిందండీ."

"చీటీ రంగు మారిందా?"

"మారిందండీ. దూదే మారలేదు."

అప్పటికే ఆపరేషన్‌కు వచ్చిన నలుగురికి కళ్ళలో చుక్కలు వేసేశారు. వాళ్ళలో ఒకడు, వరండాలో కూర్చున్న గడియారాల మెకానిక్‌కు ఓపిక నశించింది. "దూది తెల్లగా ఉందని నా కన్ను ఆగాలా తల్లీ?"

"ఒక్కరోజు ఆగితే కన్నుకేం కాదన్నా. చీము పడితే మాత్రం ఎన్నాళ్ళు ఆగినా లాభం లేదు."

డాక్టరు మొహం ముడుచుకున్నాడు గానీ కాదనలేదు. పిన్ని డబ్బాలను మళ్ళీ సర్ది, ఈసారి కింది అరలో కూడా ఒక చీటీ పెట్టింది. రెండు గంటలు గడిచాయి. ఓవెన్ చల్లారేదాకా ఆమె స్టూలు మీంచి లేవలేదు. తన ముక్కే పొరపాటు పడిందేమోనన్న భయం అప్పుడు పట్టుకుంది. నలుగురిని ఊరికే తిప్పి పంపినట్టవుతుంది.

తలుపు తీసేసరికి పై చీటీ నల్లగా ఉంది. కింది చీటీ పెట్టినది పెట్టినట్టే ఉంది.

మధ్యాహ్నం ఓవెన్లు బాగుచేసే అతను వచ్చి వెనక రేకు విప్పాడు. లోపలి ఫ్యాన్ తిరగడం మానేసింది. వేడంతా పైకి చేరి కూర్చుంది. వేడిని కొలిచే తీగ కూడా పైనే ఉంది, కాబట్టి ముల్లుకు కింది సంగతి తెలియనే తెలియదు.

"పిన్ని ముక్కుసూటి మనిషని తెలుసు. ముక్కుతోనే పని చేస్తుందని ఇవాళే తెలిసింది" అంది పెద్ద సిస్టర్.

డాక్టరు మెట్ల కిందికి వచ్చి, తల వంచి ఆ గదిలోకి దూరాడు. "ఇకనుంచి ప్రతి అరలో చీటీ పెడదాం. నువ్వు ఇవ్వనంటే నేను అడగను" అన్నాడు. పిన్ని స్టూలు చూపించింది. ఆయన నిజంగానే కూర్చుని, దూది ఎలా చూడాలో చెప్పమన్నాడు.

కొత్త ఫ్యాన్ బిగించాక ఆపరేషన్లు జరిగాయి. వారం తర్వాత గడియారాల మెకానిక్ కట్టు విప్పించుకుని, దారి కనుక్కుంటూ మెట్ల కిందికి వచ్చాడు.

"ఆరోజు నిన్ను తిట్టిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నానమ్మా."

"పైకి అన్నవేనా అన్నా, లోపల అనుకున్నవి కూడానా?"

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "లోపలివి చాలా ఉన్నాయి. కాస్త టైము పడుతుంది."