ఏనీ కోసం స్టెఫీ ప్రార్థన

స్టెఫీకి ఏనీ అంటే కుళ్లు. ఈ మాట కెనడాలోని ఓక్‌విల్ తెలుగు క్రైస్తవుల్లో ఎవరితో అన్నా నమ్మరు. ఏనీని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చి, తన బేస్‌మెంట్‌లో ఉంచుకుని, చలికోటు కొనిపెట్టింది స్టెఫీయే మరి. కుళ్లుకు అవేవీ అడ్డం రావు.

స్టెఫీ ఎండీ చేసి కాకినాడలో వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పేది. గుండె చప్పుడు ఎక్కడ వినాలో ఏనీకి నేర్పింది తనే. కెనడా వచ్చాక టొరంటోలోని ఒక ఆసుపత్రిలో రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా కుదిరింది. వేరే డాక్టర్ల పరిశోధనకు పేషెంట్లను పిలవడం, రక్తం గొట్టాలకు లేబుళ్లు అంటించడం ఆమె పని. మీరు నర్సా అని పేషెంట్లు అడిగితే కాదనేది. మరేమిటో చెప్పేది కాదు.

ఆ ఆసుపత్రిలోనే డాక్టర్లకు రీసెర్చ్ ఫెలోషిప్ ప్రకటించారు. ఒక్కటే సీటు. వస్తే సొంతంగా పరిశోధన, ఆ తర్వాత మళ్లీ పాఠాలు చెప్పే దారి. వచ్చే ఏడాదికైతే ఎండీ చేసి చాలా కాలమైందని స్టెఫీ అప్లికేషనే తీసుకోరు. అందుకే అప్లై చేసింది. కాకముందే చెప్పుకుంటే పని చెడుతుందని ఎవరికీ చెప్పలేదు.

ఏనీకి అలాంటి భయాలు లేవు. తనూ ఎండీ చేసే వచ్చింది. పెద్దాయన క్రీస్తుదాసు గారింట్లో శుక్రవారం కూటంలో ప్రార్థన మనవులు అడగ్గానే లేచింది.

"స్టెఫీ అక్కా వాళ్ల హాస్పిటల్లో ఫెలోషిప్‌కి అప్లై చేశానంకుల్. ఒక్కటే సీటు. అందరూ ప్రే చేయండి."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అనుకుంది స్టెఫీ.

"నీ స్టూడెంటే కదా స్టెఫమ్మా, నువ్వే ప్రార్థన చెయ్యి" అన్నారు క్రీస్తుదాసు గారు.

ఏం చేస్తుంది, చేసింది. "నీ చిత్తమైతే" అన్న మాటను మాత్రం దేవుడికి సంగతి అర్థమయ్యేలా నొక్కి నొక్కి పలికింది. ప్రతి శుక్రవారం అదే వరస.

సీటు ఏనీకి వచ్చింది. ఆమె కూర్చోబోయే గది సర్దించే పని స్టెఫీకే అప్పగించారు. కుర్చీ ఎత్తు కూడా తనే చూసింది.

తర్వాతి శుక్రవారం కృతజ్ఞత కూటం. ఏనీ సాక్ష్యం చెబుతూ కళ్లు తుడుచుకుంది.

"అక్క ప్రేయర్ వల్లే వచ్చింది. అక్కే అప్లై చేసుంటే నాకెక్కడొచ్చేది?"

ఆ పిల్ల మనస్ఫూర్తిగానే అంది. స్టెఫీకి ఒళ్లు మండింది కూడా అందుకే.

ముగింపు ప్రార్థనా ఆమెకే వచ్చింది. అందరూ కళ్లు మూసుకున్నారు. స్టెఫీ స్తోత్రాలు చెల్లించింది, ఏనీకి దీవెనలు అడిగింది. మాట మాటకీ ఆమెన్ వినిపిస్తోంది. అదే స్వరంతో కొనసాగించింది.

"ప్రభువా, నేను కూడా అప్లై చేశాను. ఆ సీటు నాకు కావాలి."

అలవాటుకొద్దీ అందరూ ఆమెన్ అన్నారు. ఏనీ ఒక్కతే అనలేదు.