ప్రోబుకు పెట్టిన బొట్టు

మెడలో కంపెనీ కార్డు వేలాడితే చాలు, కరెంటు కూడా మనల్ని చూసి జడుసుకుంటుందనుకునే వయసొకటి ఉంటుంది. ఆ వయసులోనే నేను సిరిసిల్ల దగ్గర ఓ పంపుహౌస్‌కు మొదటిసారి ఒంటరిగా వెళ్లాను. అక్కడ ఏనుగంత మోటారు. ఆరువేల ఆరువందల వోల్టుల మీద నడుస్తుంది. దాని లోపలి తీగచుట్ల వైండింగు అప్పటికే రెండుసార్లు కాలింది. స్విచ్ వేసిన క్షణంలో, రెప్పపాటు కూడా పట్టని వేగంతో వోల్టేజీ ఎగిసిపడుతోందేమోనని మా పెద్దసారు అనుమానం. అది ఎంత ఎగురుతోందో కొలవడం నా పని. (కొలిచేవాడికి ఎంత తెలుసని ఎవరూ అడగలేదు.)

అక్కడి ఆపరేటర్‌ను అందరూ మోకు మామ అనేవారు. తండ్రి తాటిచెట్లెక్కడానికి వాడిన మోకుతాడును దాచుకుని, పంపుహౌస్‌లో ఏది కట్టాలన్నా దాన్నే తెచ్చేవాడు. వోల్టేజీ కొలిచే నా పెట్టె చూడగానే అడ్డం నిలబడ్డాడు.

"కొత్త మిషిని సారూ. బొట్టు వెట్టకుంట మోటర్ కాడికి రానియ్య."

నాకూ లోపల భయంగానే ఉంది. కుంకుమ తడిపి, మోటారుకు తగిలించే ప్రోబుకు నేనే భక్తిగా బొట్టు పెట్టాను. ఆ ప్రోబు వోల్టేజీని తగ్గించి పెట్టె మీది తెరకు అందిస్తుంది. ఎన్నో వంతుకు తగ్గిస్తుందో పెద్దసారు దానిమీద ఎర్ర మార్కరుతో రాశారు. మోటారు వేయించాను. తెరమీద గీత జివ్వున లేచింది. ప్రోబు మీది అంకెతో హెచ్చవేస్తే లక్షా ఇరవై వేల వోల్టులు! "మామా, బంద్ చెయ్!" అని అరిచి పెద్దసారుకు ఫోన్ కొట్టాను. తాను వచ్చేదాకా మోటారు ముట్టొద్దన్నారు.

కాలువలో నీళ్లు ఆగిపోయాయి. మామ మొహం వాడిపోయింది. ఆ కాలువ చివర తంగళ్ళపల్లి వైపు ఆయనకు ఎకరం మడి ఉంది.

"నారు ముదురుతున్నది సారూ. నీళ్లు లేకుంటె నాటెట్ల ఏస్తం? అయినా గంతగనం కరెంటొస్తే గీ మోటర్ గిట్ల సల్లగ కూసుంటదా?"

నేను పుస్తకంలో చదివినదంతా అప్పజెప్పాను. మామ ఓపిగ్గా విని, ఊడదీసిన నా ప్రోబును సర్దుతూ తువ్వాలతో తుడిచాడు. తుడిచి ఆగిపోయాడు.

"సారూ, గీ సున్న ఒకటి నా తువ్వాలకంటింది."

చూస్తే ప్రోబు మీద మిగిలింది 1000. నాలుగో సున్నా, ఎర్ర అంకె పక్కనే నేను పెట్టిన బొట్టు! అసలు వోల్టేజీ పన్నెండు వేలే. ఆ మోటారు తట్టుకునేదే. ప్రాణం లేచొచ్చి, అక్కడే నేలమీద చతికిలబడి నవ్వాను. (వైండింగు కాలింది తేమ వల్లనని తరువాత తేలింది.) పెద్దసారుకు మళ్లీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"బొట్టు ఎవరు పెట్టిండ్రు?"

"నేనే సార్."

"మంచిగ పెట్టినవ్. ఇగ మోటర్ ఎయ్యి."

మోటారు హోరెత్తింది. మామ చెప్పులు కూడా వేసుకోకుండా కాలువ గట్టు మీదికి పరుగెత్తాడు.

ఇప్పుడు పెద్దసారును నేనే. కొత్తగా చేరినవాళ్లు ఫోన్ చేసి భయంకరమైన అంకెలు చెబితే, "ముందు బొట్టెక్కడ పెట్టినవో చూడు" అంటాను. పెద్దాయనకు భక్తి ముదిరిందనుకుంటారు. అనుకోనీ.